ముందు మీ చేతులు కట్టుకోండి: చిన్నపిల్లలతో ప్రాసెస్ ఆర్ట్ ఎలా చేయాలి

నేను ప్రీస్కూల్ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో మా తరగతి గోడ మీద ఇరవై కుందేళ్లు ఉండేవి. అన్నీ ఒకటే సైజు. అన్నిటికీ నిటారుగా రెండు చెవులు, వెనకాల గుండ్రంగా దూది తోక. చెవులు కత్తిరించింది నేను. జిగురు రాసి ఇచ్చింది నేను. పిల్లలు చేసిందల్లా నేను వేలు పెట్టి చూపించిన చోట దూది అద్దడం. ఒక బాబు మాత్రం ఆ దూదంతా కుందేలు ముఖం మీద అతికించాడు. వాడు ఇంటికి వెళ్లాక దాన్ని పీకి, తోక దగ్గర పెట్టి సరిచేశాను. మర్నాడు వాడు గోడ దగ్గర నిలబడి చాలాసేపు వెతుక్కున్నాడు. తన కుందేలు ఏదో వాడికి తెలియలేదు.

ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తర్వాత మెల్లమెల్లగా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఒక్క పిల్లతో చేసినా, తరగతిలో పదిహేను మందితో చేసినా పద్ధతి ఇదే.

ప్రాసెస్ ఆర్ట్ అంటే

పేరు చూసి కంగారు పడొద్దు. చివరికి ఏ బొమ్మ వస్తుందన్నది కాకుండా, చేస్తున్నంతసేపూ పిల్లలు ఏం చేస్తున్నారు, ఏం కనిపెడుతున్నారు అన్నదే ముఖ్యంగా పెట్టుకుని చేసే పని. మీరు చేయించేది ప్రాసెస్ ఆర్టా కాదా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ముందే తయారుచేసిన నమూనా ఏదైనా పిల్లల ఎదురుగా పెట్టారా? "ఇలా చేస్తే తప్పు" అనే మాట ఎక్కడైనా వస్తుందా? పది మంది చేస్తే పదీ ఒకేలా ఉంటాయా? ఈ మూడింటికీ "లేదు" అని జవాబు వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ అనే ఆయన 1897లోనే పిల్లల కోసం ఒక ఆర్ట్ క్లాసు తెరిచాడు. పెద్దవాళ్ల బొమ్మలు చూసి దించడం కాకుండా పిల్లలు తమకు తోచింది గీసుకోనివ్వాలని ఆయన పట్టుదల. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊరి బడుల్లో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో గది, అందులో ఒక ఆర్ట్ టీచరు ఉండడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. మీకు గది అక్కర్లేదు. నేల మీద ఒక పాత దుప్పటి పరిచేంత చోటు ఉంటే సరిపోతుంది.

కత్తిరించి అతికించే క్రాఫ్ట్ పనులన్నీ దండగ అని నేను అనను. చెప్పినట్టు వినడం, గీత వెంట కత్తిరించడం కూడా నేర్చుకోవాల్సినవే. దానికి ఆర్ట్ అని పేరు పెట్టి, పిల్లవాడి చేతి పనిని మనం దిద్దడం దగ్గరే నాకు పేచీ.

ఏ వయసులో ఏం ఆశించాలి

మూడేళ్ల పిల్ల ఇల్లు గీయలేదని బెంగ పెట్టుకునే తల్లులను చాలామందిని చూశాను. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతల కాలం అని, నాలుగు నుంచి ఏడు దాకా బొమ్మకు ఒక రూపం వెతుక్కునే కాలం అని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆర్ట్ టీచరు చెప్పాడు. ఆ హద్దులు పిల్లను బట్టి అటూఇటూ జరుగుతాయి. ఇక పిచ్చిగీతలు నిజంగా పిచ్చివేమీ కావు. రోడా కెలాగ్ అనే ఆవిడ లక్షల కొద్దీ పిల్లల గీతలు పోగేసి, వాటిలో 20 రకాల మూల గీతలు ఉన్నాయని లెక్క తేల్చింది. చుక్క, నిలువు గీత, అడ్డగీత, సుడి, ముడిపడని వలయం, ఇలాంటివి. పెద్దయ్యాక గీసే ప్రతి బొమ్మా, రాసే ప్రతి అక్షరమూ వీటిలోంచే రావాలి.

రెండేళ్ల పిల్ల గీసేటప్పుడు కదిలేది భుజం. అందుకే గీతలు అంత పెద్దవిగా వస్తాయి, కాగితం దాటి బల్ల మీదికి పోతాయి. కదలిక పోనుపోను మోచేతికి, మణికట్టుకు, చివరికి వేళ్లకు దిగుతుంది. కాబట్టి చిన్నవాళ్లకు పెద్ద కాగితం, లావు క్రేయాన్ ఇవ్వాలి. సన్న పెన్సిల్, అరచేతంత కాగితం ఇచ్చి "గీత దాటకుండా రంగు వేయి" అనడం వాళ్లను ఉత్తినే ఏడిపించడమే. మూడున్నర, నాలుగు దగ్గర తలకాయకే నేరుగా కాళ్లు మొలిచిన మనిషి బొమ్మ వస్తుంది. పొట్ట ఏదని అడగకండి. ప్రపంచంలో చాలాచోట్ల పిల్లల మొదటి మనిషి అలాగే ఉంటాడు.

సరంజామా, చోటు

ముందు చోటు. నేల మీద పాత దుప్పటో, ప్లాస్టిక్ షీటో పరచండి. పక్కనే ఒక బకెట్‌లో నీళ్లు, రెండు తడిగుడ్డలు పెట్టుకోండి. రంగు చేతులతో పిల్ల బాత్రూం దాకా పరిగెత్తడం మొదలుపెట్టిందంటే ఇల్లంతా రంగే. బకెట్ దగ్గరుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది. మీరు పిల్లల దగ్గర లేనప్పుడు మాత్రం బకెట్ ఒంపేయండి. చిన్నపిల్లలున్న చోట నీళ్లున్న బకెట్‌ను వదిలేయకూడదు. పిల్లలకు నాన్న పాత టీషర్టు వెనకాముందూ తిప్పి తొడిగితే అదే ఆప్రాన్.

కాగితం విషయంలో పిసినారితనం పనికిరాదు. ప్రింటర్‌లో పెట్టే మామూలు 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కాగితం తడి రంగు తగిలితే వంకర్లు పోయి చిరిగిపోతుంది. డ్రాయింగ్ షీట్ వాడండి. లేదంటే అట్టపెట్టెలను విప్పి లోపలివైపు వాడండి, అది ఇంకా మేలు. నాలుగు మూలలా మాస్కింగ్ టేప్ అంటిస్తే కాగితం జారదు, పిల్లకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

రంగులు: నీళ్లతో కడిగితే పోయే పోస్టర్ కలర్స్ కొనండి. పెరుగంత చిక్కగా కలపండి. అందులో ఒక చుక్క లిక్విడ్ సోప్ వేస్తే బట్టల మీద పడ్డా తేలిగ్గా వదులుతుంది. ఒకేసారి ఆరేడు రంగులు ముందు పెట్టకండి, రెండు చాలు. పసుపు, నీలం ఇచ్చి ఊరుకోండి. కాసేపటికి మధ్యలో ఆకుపచ్చ పుడుతుంది. ఆ సంగతి మీరు ముందే చెప్పేశారంటే పిల్లకు దక్కాల్సిన సంబరాన్ని మీరు కాజేసినట్టే. మర్నాడు ఎరుపు, పసుపు. ఆ తర్వాత ఎరుపు, నీలం.

బ్రష్‌లు నాలుగైదు ఉంటే చాలు. స్పాంజి ముక్క, పాత టూత్‌బ్రష్, దువ్వెన, ఆకు, నలిపిన కాగితం, గుడ్డ చుట్టిన పుల్ల, ఇవన్నీ బ్రష్‌లే.

జాగ్రత్తల సంగతి గట్టిగానే చెబుతాను. డబ్బా మీద నాన్ టాక్సిక్ అని ఉంటే పొరపాటున నాకినా ప్రమాదం లేదని అర్థం, తినొచ్చని కాదు. మూడేళ్ల లోపు పిల్లల దగ్గర గోలీలు, పూసలు, గుండీలు వద్దు. ఏ వస్తువు ఇవ్వొచ్చో అనుమానం వస్తే టిష్యూ రోల్ మధ్యలో ఉండే అట్టగొట్టంలోంచి జార్చి చూడండి. జారిపోతే అది గొంతులోనూ ఇరుక్కోగలదు. బెలూన్లతో రంగులు అద్దే ఆట చాలాచోట్ల కనబడుతుంది. నేను చేయించను, పగిలిన బెలూన్ ముక్క పిల్లల గొంతుకు అడ్డుపడితే ఊపిరి ఆడదు. మెరుపుల పొడి కూడా నా బల్ల మీదికి రాదు. కళ్లలో పడితే గీరుకుంటుంది, పైగా ఎన్నాళ్లయినా ఇంట్లోంచి పోదు.

మీ నోరు ఎలా వాడాలి

రంగులు కలపడం ఒక్కరోజులో వస్తుంది. నోరు ఊరుకోబెట్టడం నాకు రెండేళ్లు పట్టింది.

మూడేళ్ల అమ్మాయి ఒకతి నీలం రంగుతో కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ ఉంది. పక్కన కూర్చుని "ఇది చేపా?" అన్నాను. తలెత్తి నా ముఖం చూసి "ఊఁ" అంది. "చేపేనా, చందమామా?" అన్నాను. "ఊఁ, చందమామ" అంది. నేను బంతి అన్నా, బండి చక్రం అన్నా ఒప్పుకునేదే. అడిగింది టీచరు కాబట్టి ఏదో ఒకటి అనాలి. రెండు నిమిషాల్లో బ్రష్ పడేసి లేచిపోయింది. మరో రోజు అదే పిల్ల, అదే నీలం. ఈసారి నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు వినబడింది. బ్రష్ తిప్పినప్పుడల్లా చిన్నగా "సర్ర్… సర్ర్…" అంటోంది. బ్రష్‌లో రంగు అయిపోయి వెంట్రుకలు కాగితం మీద గీరుకుంటుంటే వచ్చే చప్పుడది. రంగు ముంచితే చప్పుడు పోతోంది, ఆరితే వస్తోంది. ఆ పిల్ల ఆ రోజు చేపనూ గీయలేదు, చందమామనూ గీయలేదు. ఆ చప్పుడుతో ఆడుకుంటోంది. అలా ఇరవై నిమిషాలు కూర్చుంది.

అందుకే "ఇదేంటి?" అనే ప్రశ్న మానేయండి. "అబ్బ, ఎంత బాగుందో!" కూడా తగ్గించండి. ప్రతి గీతకూ శభాష్ అంటే పిల్ల కాగితం వంక చూడడం మాని మీ ముఖం వంక చూడడం మొదలుపెడుతుంది. మాట్లాడాలనిపిస్తే కంటికి కనబడుతున్నదే చెప్పండి: "ఈ మూల నుంచి ఆ మూల దాకా లాగావే." "ఇక్కడ గట్టిగా నొక్కినట్టున్నావు, రంగు ముద్దగా ఉంది." "రెండూ కలిసిన చోట ఇంకో రంగు వచ్చింది చూశావా?" పిల్ల చెప్పాలనుకుంటే దాని కథ అదే చెబుతుంది. లేకపోతే లేదు.

ఇక మీ చేతులు. పిల్ల కాగితం మీద మీరు గీత గీయకండి. కన్ను మర్చిపోయిందని చుక్క పెట్టకండి. పేరు రాయాలంటే వెనకవైపు రాయండి, ముందువైపే కావాలంటే ఎక్కడ రాయమంటావని అడిగి రాయండి.

మొదటి రోజు: ఉత్త నీళ్లు

మీకు మురికంటే భయం ఉంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. ఎండ తగిలే గోడ గానీ సిమెంట్ నేల గానీ చూసుకోండి. చిన్న బకెట్‌లో నీళ్లు, గోడలకు రంగు వేసే వెడల్పాటి బ్రష్ ఇవ్వండి. గోడ తడిసిన చోట ముదురుగా కనబడుతుంది. కాసేపటికి ఎండకు ఆరి మాయమైపోతుంది. పిల్ల మళ్లీ గీస్తుంది, మళ్లీ మాయం. గోడ లాంటి నిలువు జాగా మీద గీస్తే భుజం, మణికట్టు బాగా పనిచేస్తాయి. ముఖ్యంగా మీకు మంచి అలవాటు అవుతుంది, దాచుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి దిద్దాలనే బుద్ధి కూడా పుట్టదు.

చేతివేళ్ల రంగు, ఇంట్లోనే

అరకప్పు కార్న్‌ఫ్లోర్‌ను అరకప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఇంకో ఒకటిన్నర కప్పుల నీళ్లు పోసి సన్నసెగ మీద పెట్టి, ఆపకుండా కలుపుతూ ఉండండి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. విసుగొచ్చి చెయ్యి ఆపారో, ఒక్కసారిగా అడుగంటుతుంది. తెల్లగా ఉన్నది కాస్తా గాజులా మారి చిక్కబడగానే దించేయండి. పూర్తిగా చల్లారాక, అంటే మీ మణికట్టు మీద పెట్టుకుని చూసుకున్నాక, గిన్నెల్లోకి పంచి ఫుడ్ కలర్ కలపండి. మరీ గట్టిపడితే కొంచెం నీళ్లు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజులు ఆగుతుంది, వాసన వస్తే పారేయండి. ఒక్క మాట: ఫుడ్ కలర్ నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ బట్టకు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. కడిగితే పోయే పోస్టర్ కలర్ కలుపుకుంటే ఆ బాధ లేదు.

కాగితం లేకుండా నేరుగా ఒక పెద్ద ట్రేలోనే రెండు గరిటెలు వేసి ఇవ్వండి. పిల్ల అరచేతులతో రాస్తుంది, గోళ్లతో గీస్తుంది, మళ్లీ చెరిపేస్తుంది. దువ్వెన ఇస్తే చాళ్లు పడతాయి. ఏదైనా ఉంచుకోవాలనిపిస్తే ట్రే మీద కాగితం పరిచి, అరచేత్తో అద్ది, మెల్లగా పైకి తీయండి. అచ్చు పడుతుంది.

వేలు పెట్టడానికే జంకే పిల్లలు కొందరు ఉంటారు. చేతికి జిగురు తగిలితే ఏడుస్తారు. బలవంతం వద్దు. జిప్ కవర్‌లో రెండు చెంచాల రంగు వేసి, గాలి తీసి, అంచుకు టేప్ అంటించి బల్ల మీద పెట్టండి. పైనుంచి వేలితో నొక్కుతారు. కొన్ని రోజులకు బ్రష్ పడతారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక వేలు. దగ్గరే పొడిగుడ్డ ఉందని తెలిస్తే సగం ధైర్యం వస్తుంది.

మైనం, నీళ్లు, ఉప్పు

తెల్ల క్రేయాన్‌తో తెల్ల కాగితం మీద గట్టిగా నొక్కి గీయమనండి. ఏమీ కనబడదు. పిల్లలు మన వంక అనుమానంగా చూస్తారు. ఇప్పుడు పైన పల్చటి వాటర్ కలర్ పూయమనండి. క్రేయాన్‌లోని మైనం నీటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి గీసిన గీతలన్నీ తెల్లగా పైకి తేలతాయి. రంగు పల్చగా ఉండాలి, చిక్కటి పోస్టర్ కలర్ అయితే మైనాన్ని కూడా కప్పేస్తుంది. నేను మొదటిసారి ఈ పొరపాటే చేశాను.

ఆ రంగు ఇంకా తడిగా ఉండగానే చిటికెడు ఉప్పు చల్లనివ్వండి. ఉప్పు చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది, దాంతోపాటు రంగూ కదులుతుంది. ఆరాక ఉప్పు దులిపేస్తే నక్షత్రాల్లాంటి మచ్చలు మిగులుతాయి. ఉప్పు చేతికి అంటి ఉండగా కళ్లు నలుపుకోకుండా చూసుకోండి.

చుక్కలు

కాఫీ వడగట్టే కాగితం గానీ మందపాటి టిష్యూ గానీ తీసుకోండి. నీటిలో కరిగే స్కెచ్ పెన్నుతో మధ్యలో పిల్లను ఇష్టమొచ్చినట్టు గీయనివ్వండి. తర్వాత డ్రాపర్‌తో ఒక్కో చుక్క నీరు వేయాలి. తడి పాకే కొద్దీ రంగు కూడా పాకుతుంది. నల్ల స్కెచ్ పెన్ను అయితే తమాషా ఇంకా ఎక్కువ. ఆ నలుపు చాలాసార్లు రెండు మూడు రంగుల మిశ్రమం, అవి ఒకదాన్నొకటి వదిలి నీలంగా, ఊదాగా వేర్వేరు దూరాలకు పోతాయి. చెరగని మార్కర్‌తో ఇది రాదు.

డ్రాపర్ నొక్కాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిసి పనిచేయాలి. పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన బలం అదే. రాత నేర్పాలని తొందరపడే పెద్దవాళ్లకు నేను మొదట డ్రాపరే చేతికిస్తాను.

మరికొన్ని, గబగబా

ట్రేలో కాగితం పెట్టి, రంగులో ముంచిన బంతి వేసి, ట్రేను అటూఇటూ వంచుతూ దొర్లించడం. నాలుగేళ్లు దాటినవాళ్లకు గోలీలు, చిన్నవాళ్లకు అట్టగొట్టంలో పట్టనంత బంతి. రంగులో ముంచిన దారాన్ని మడిచిన కాగితం మధ్య పెట్టి, పైన ఒకరు అదిమి పట్టుకుంటే ఇంకొకరు బయటికి లాగడం. రంగునీళ్లు గడ్డకట్టించిన పెద్ద ఐస్ ముక్కలతో గీయడం, కరిగేకొద్దీ గీత మారుతుంది. అట్టముక్క అంచుతో రంగును ఈడ్వడం. పాత బొమ్మకారు చక్రాలకు రంగు పూసి నడపడం.

కార్న్‌ఫ్లోర్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపితే ఒక వింత ముద్ద తయారవుతుంది. పిడికిలి బిగిస్తే గట్టిగా ఉంటుంది, వదిలేస్తే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. ఒక్కసారిగా నొక్కినప్పుడు పిండి రేణువులు ఒకదానికొకటి బిగుసుకుపోవడమే కారణం. అయ్యాక సింకులో పారబోయకండి, గొట్టం పూడుకుపోతుంది. ఆరనిచ్చి చెత్తబుట్టలో వేయండి.

బంకమట్టి

ఒక్కటే చేయించే వీలుంటే నేను రంగులు వదిలేసి మట్టి పడతాను. రంగు పొంగుతుంది, ఒలుకుతుంది, అయిపోతుంది. మట్టి పిల్ల చెప్పినట్టు వింటుంది, ఎన్నిసార్లు చెడగొట్టినా మళ్లీ ముద్దవుతుంది.

రాళ్లు, గాజుపెంకులు లేని శుభ్రమైన బంకమట్టి కావాలి. ప్యాకెట్‌లో దొరికే కుమ్మరిమట్టి అయితే మేలు. ఒక్కొక్కరికి రెండు పిడికిళ్లంత ముద్ద ఇవ్వండి. గోలీకాయంత ఇస్తే పిల్ల చేతికి పని ఉండదు. కింద గోనెగుడ్డ పరిస్తే మట్టి బల్లకు అంటుకోదు. చిన్న గిన్నెలో నీళ్లు పెట్టండి గానీ మొదటిరోజు వద్దు. నీళ్లు ఉంటే పిల్లల మనసంతా బురద మీదికే పోతుంది.

పనిముట్లు కూడా వెంటనే ఇవ్వకండి. మొదటి రెండు మూడు రోజులు చేతులే. అప్పుడు చూడండి వాళ్ల వరస. ముందు వేలితో పొడుస్తారు. తర్వాత అరచేత్తో కొడతారు, పడేసి చప్పుడు వింటారు. గిల్లి చిన్న ముక్కలు చేసి వరసగా పేరుస్తారు. ఎప్పుడో ఒక ముక్క అరచేతుల మధ్య దొర్లి పాములా సాగుతుంది. అది చూసి పిల్ల ఆగిపోతుంది. ఆ క్షణంలో "ఆఁ, పాము! ఇప్పుడు కళ్లు పెట్టు" అన్నారో, అంతా పాడు చేసినట్టే. మా తరగతిలో ఒక అబ్బాయి తన పామును ఇంకా సాగదీసి, సాగదీసి, అది తెగితే మళ్లీ అతికించి, చివరికి బల్ల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెచ్చాడు. వాడు కొలుస్తున్నాడని నాకు చివర్లో గానీ అర్థం కాలేదు.

నాలుగో రోజు నుంచి పుల్లలు, గులకరాళ్లు, బోలుగా ఉన్న గొట్టం ముక్కలు, అద్దడానికి ఆకులు పెట్టండి. అచ్చులు పెట్టొద్దు. పువ్వు అచ్చు, నక్షత్రం అచ్చు కనబడితే పిల్లల చేతులు ఆలోచించడం మానేస్తాయి.

అయ్యాక ముద్దలో వేలితో గుంట చేసి, అందులో చెంచాడు నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఎండిపోయినా దిగులు లేదు, నీళ్లలో నానేస్తే తిరిగి మట్టే. ఎండిన మట్టి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కాబట్టి చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. చేతులు మొదట బకెట్‌లో కడిగించి తర్వాతే కుళాయి దగ్గరికి పంపండి, లేకపోతే మట్టి గొట్టంలో పేరుకుంటుంది.

అంటించకుండా బొమ్మ

ఆకులు, చితుకులు, గులకరాళ్లు, ఈకలు, మూతలు ఒక ట్రేలో పోసి, పక్కన ఒక ఖాళీ చట్రం పెట్టండి. జిగురు లేదు. పిల్ల పేరుస్తుంది, జరుపుతుంది, తీసేస్తుంది. జిగురు లేదు కాబట్టి తప్పు చేశానన్న భయమే ఉండదు. చెప్పడానికి ఇంతకన్నా లేదు, ఒక్కసారి చేయించి చూడండి.

చిక్కు వచ్చినప్పుడు

"నాకు రాదు, నువ్వే కుక్కను గీసిపెట్టు." ఇది తప్పకుండా వస్తుంది, నాలుగేళ్లు దాటాక మరీను. మీరు గీశారంటే పిల్ల తన గీతను మీ గీతతో పోల్చుకుంటుంది, రేపటి నుంచి అసలు గీయదు. "కుక్క అంటే నీకు మొదట ఏం గుర్తొస్తుంది?" అని అడగండి. తోక అంటే తోక నుంచే మొదలు. ఎలా ఊపుతుందో చేత్తో గాలిలో చూపించమనండి. అదే ఊపు కాగితం మీదికి దిగుతుంది. మీరూ ఒక కాగితం పెట్టుకుని కూర్చోవచ్చు గానీ దాని మీద బొమ్మలు వద్దు, ఉత్త గీతలూ మరకలూ చాలు.

అన్ని రంగులూ కలిపేసి బురదరంగు చేసేశారా? చేయనివ్వండి. ఏ రంగులు కలిపితే బురదవుతుందో తెలియాలంటే ఒకసారి బురద చేయాల్సిందే. రోజూ అదే అయితే తప్పు మీది, రంగులు ఎక్కువ పెట్టారు.

కాగితమంతా నల్లగా పూసేస్తే మనసులో ఏదో బాధ ఉందని కంగారు పడిపోకండి. తెల్ల కాగితం మీద నలుపు అన్నిటికన్నా గట్టిగా కనబడుతుంది, పిల్లలకు అది నచ్చుతుంది. అందమైన బొమ్మ గీసి దాని మీదే పూసేశారనుకోండి, ఆపాలని చెయ్యి ముందుకు పోతుంది. ఆపకండి. రాత్రి అయిందనో, వాన వచ్చిందనో కథ అక్కడ ముందుకు నడుస్తూ ఉండవచ్చు. మీకు కావాలంటే మధ్యలోనే ఒక ఫోటో తీసుకోండి.

రెండు నిమిషాల్లో "అయిపోయింది" అంటే అయిపోయినట్టే. ఇంకో కాగితం కావాలా అని ఒక్కసారి అడగండి. వద్దంటే చేతులు కడిగించండి.

రంగు పక్కవాళ్ల మీద చిలకరిస్తే మాత్రం ఉపేక్షించొద్దు. "రంగు కాగితం మీద, మనిషి మీద కాదు." కోపం లేకుండా, అదే మాట, రెండుసార్లు. మూడోసారి రంగు తీసేసి నీళ్లూ బ్రష్ ఇచ్చి గోడ దగ్గరికి పంపండి. స్వేచ్ఛ ఇవ్వడమంటే ఏ కట్టడీ లేకపోవడం కాదు.

తరగతిలో అయితే ఒక బల్ల దగ్గర నలుగురికి మించొద్దు. మిగతావాళ్లు వేరే ఆటల్లో ఉంటే, ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు ఇంకొకరు వస్తారు. అందరినీ ఒకేసారి కూర్చోబెడితే మీరు పోలీసు అవుతారు తప్ప టీచరు కాలేరు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు "ఏంటీ గీతలు?" అని అడుగుతారు. ఆ కాగితంతో పాటు ఒక చిన్న చీటీ పంపండి: "ఈరోజు పసుపులో నీలం కలిపి ఆకుపచ్చ చేసింది. మూడుసార్లు చేసి చూసింది." దాంతో అడిగే ప్రశ్నే మారిపోతుంది.

ఆరబెట్టడం, దాచడం

తడి కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టకండి. గది మూలన తాడు కట్టి క్లిప్పులు పెడితే చాలు. మరీ కారుతున్నవి నేల మీదే ఆరనివ్వండి. ఆరాక వంకర్లు పోతే బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి పెట్టండి.

అన్నీ దాచలేరు, దాచొద్దు కూడా. వారానికోసారి పిల్లతో కూర్చుని ఏవి ఉంచుకుందామో అడగండి. మీకు నచ్చినదాన్నే పిల్ల చెత్తబుట్టలో పడేయవచ్చు. చించి ముక్కలు చేసి ఇంకో కాగితం మీద అతికించుకోవచ్చు. ఉంచుకున్నవాటి వెనక పెన్సిల్‌తో తేదీ వేసి, ఆ రోజు అది అన్న మాట ఏదైనా ఉంటే అలాగే రాయండి. నా దగ్గర ఉన్న ఒక నీలం కాగితం వెనక "సర్ర్" అని మాత్రమే ఉంది.